దేవుడి అల్మారాలో గాలి

తిరువొత్తియూరులో కిటికీ సరిగా పడడం లేదంటే వడ్రంగి దొరస్వామిని పిలవాలి. ముప్పై ఏళ్లుగా అదే మాట. ఉప్పుగాలికి ఉబ్బిన తలుపు ఏ మూల మొరాయిస్తుందో ఆయన అరచేతికి తెలుసు. ఎన్నూరు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము ఏ సందులోంచి దిగుతోందో, ఊదొత్తి పొగ ఒంగిన తీరు చూసి చెప్పేవాడు.

ఈ రోజు పంకజం ఫ్లాటులో ఆ ఊదొత్తి ఇంజనీరు సాయితేజ చేతిలో ఉంది. అది చాలదన్నట్టు వాకిలికి గుడ్డ బిగించి, అందులో పెద్ద ఫ్యాను పెట్టాడు. అది లోపలి గాలిని లాగేస్తుంటే బయటి గాలి సందులు వెతుక్కుంటూ వస్తోంది. ఎంత వస్తోందో లాప్‌టాప్‌లో అంకె చెబుతోంది. నలభై ఫ్లాట్లలో సందులు పూడ్చే పని దొరస్వామికా, సాయితేజకా అన్నది ఈ ఇంటితో తేలిపోతుంది.

"చూస్తివా అన్నా, మిషను ఎట్ట చెప్తా ఉందో! పావం, పొద్దున్నుంచీ నిలబడే ఉండాడు" అంటూ పంకజం మొదటి కాపీ గ్లాసు సాయితేజకి ఇచ్చింది. దొరస్వామి తనకొచ్చిన రెండో గ్లాసుని తాగకుండానే కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

సాయితేజ కిటికీలన్నిటికీ రబ్బరు పట్టీలు వేసినా అంకె కావాల్సినంత దిగలేదు.

"ఇంకెక్కడో ఉంది బాబాయ్, దొరకట్లేదు."

దొరస్వామికి దొరికింది. దేవుడి అల్మారా. పరాయివాళ్లు చెయ్యి పెట్టకూడదని పంకజం ముందే చెప్పడంతో సాయితేజ దాని తలుపు కూడా తెరవలేదు. దాన్ని కట్టింది దొరస్వామే. కార్తీక దీపాల వైరు బాల్కనీలోకి పోవాలని గోడకి మూడువేళ్ల కంత పొడిచి, పూడ్చడం మరిచాడు. దీపం నిలవడం లేదని ఆమె ఆరేళ్లుగా మొత్తుకుంటే, నూనె మార్చమన్నాడు.

నోరు విప్పితే తన పేరు పోతుంది. విప్పకపోతే సాయితేజ పేరు పోతుంది. ఆ రెండోది నాలుక మీద బెల్లంలా ఊరింది.

సందెవేళ ఫ్యాను తిరుగుతుండగానే పంకజం అల్మారా తెరిచి దీపం పెట్టింది. ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది.

"సామికి ఈ ఇల్లే వద్దనిపించిందా అన్నా?"

దొరస్వామి లేచాడు. పటం జరిపి కంతకి అరచెయ్యి అడ్డంపెట్టాడు. సముద్రం చల్లగా ఆ చేతిని నాకింది. పంకజం మళ్లీ వెలిగించిన దీపం నిటారుగా నిలిచింది. అంకె జారింది.

"అబ్బ! ఎలా కనిపెట్టారు బాబాయ్?"

"కనిపెట్టేదేముంది, నేను పొడిచిన కంతే."

పంకజం ఆయన్నీ, దీపాన్నీ మార్చి మార్చి చూసింది. "ఆరేండ్లన్నా..." అని మాత్రం అంది.

సాయితేజ అంకె రాసుకుంటూ మురిసిపోతున్నాడు. ఆ మురిపెం చూస్తే చెయ్యి తీసేయాలనిపించింది దొరస్వామికి. తీయలేదు.

"ఆడ నిలబడి మురిసింది చాలు సారూ, ఈడికి ఆ పుట్టీ తే."