మల్లయ్య పెద్దయ్య కట్టిన స్టేషను

నిన్న బస్సులో నా పక్కన గొర్రెల కాపరి ఒకాయన కూర్చున్నాడు. వానకు తడిసిన గొంగడి వాసన గుప్పుమంది. ముందు సీటావిడ ముక్కు మూసుకుంది గానీ నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, సూర్యాపేటలో మా ఫోటో స్టూడియో గడపలో నిలబడి "తీరికున్నదా కొడుకా?" అని అడిగే మల్లయ్య పెద్దయ్య కళ్ళముందుకొస్తాడు. నాకు కెమెరా పట్టడం నేర్పినవాళ్ళు వేరే ఉన్నారు. ఫోటో ఎందుకు తీస్తారో నేర్పింది మాత్రం ఆయనే. ఆయన జన్మలో కెమెరా ముట్టుకోలేదు.

ఆయనది పాలకీడు దగ్గరి పల్లె. తాతల నాటి నుంచి గొర్రెల మందలున్న ఇల్లు. వయసులో ఉండగానే మందను తమ్ముడికి అప్పగించి రైల్వేలో చేరాడట. బెజవాడ లైనులో ఒక చిన్న స్టేషన్లో సిగ్నల్ మీట లాగడం ఆయన పని. పని చాలించుకున్నాక సూర్యాపేట వచ్చి మా స్టూడియో వెనక గది కిరాయికి తీసుకున్నాడు. మా ఊరికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. అలాంటి ఊళ్ళో, పాత తలుపు చెక్క ఒకటి నేలమీద పరిచి, తన పడుచుదనంలో చూసిన స్టేషన్ను దాని మీద కట్టడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళు పట్టింది. ఊళ్ళన్నీ గడబిడగా ఉన్న రోజులవి. నిజాం మీద పోలీసు చర్య వచ్చింది, పోయింది, ఆయన గదిలో ఆకురాయి చప్పుడు మాత్రం ఆగలేదు. విరిగిన గొడుగుల కమ్ములు పట్టాలయ్యాయి. పట్టాల కింద కంకర కోసం మూసీ ఇసుకను మూడుసార్లు జల్లించాడు. బొంగరాలు చేసే వడ్రంగి చేత చక్రాలు చేయించాడు. పచ్చరంగు అద్దిన గొర్రె ఉన్నితో వేపచెట్టు, తెల్ల ఉన్నితో ఇంజను పొగ. స్టేషను గోడనైతే రెండుసార్లు పడగొట్టాడు, కిటికీ తలుపుకు ఏ పక్కన ఉండేదో సరిగ్గా గుర్తొచ్చేదాకా. ముసలాయనకు పిల్లలాట పట్టుకుందని వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ పనితనం చూస్తుంటే, నేను తీసిన ఫోటోల్లో ఒక్కటైనా ఇంత నిజంగా ఉందా అని లోపల గుచ్చుకునేది.

అంతా అయ్యాక ఫోటో తియ్యమన్నాడు. చెక్కను పగటి వెలుతురులోకి, పెరట్లోకి మోశాం. నేను అలవాటు ప్రకారం స్టూలెక్కి, పెండ్లివారి గుంపును తీసినట్టు పైనుంచి తీయబోయాను. ఆయన ఒప్పుకోలేదు.

"అట్ల గాదు. బండి తోలేటోని కండ్లు యాడ ఉంటయో, గాడికెళ్ళి తియ్యాలె."

బట్టలు మాసినా సరేనని నేలమీద బోర్లా పడుకున్నాను. కెమెరాలోంచి చూశాను. ఇంజను భుజం పక్కనుంచి పట్టాలు సాగిపోతున్నాయి, ముందు సిగ్నల్ స్తంభం, అవతల స్టేషను. బొమ్మ అనే మాటే మరిచిపోయాను. ఒక్క లోపం కనిపించింది. సిగ్నల్ చెయ్యి పక్షవాతం వచ్చిన చెయ్యిలా కిందికి వాలి ఉంది. మోసేటప్పుడు ఊడిందేమో అనుకుని, ఆయన అటు తిరిగినప్పుడు చిటికెనవేలితో దాన్ని తిన్నగా అడ్డంగా నిలిపి ఫోటో తీశాను. ఫోటో ఎక్కే గాజు ప్లేట్లలో నా దగ్గరున్న ఆఖరిది అదే.

ప్రింటు చేతికిచ్చి మెప్పు కోసం ఎదురుచూశాను. ఆయన మొహం వాడిపోయింది. ఈ చెయ్యి ఎవరు లేపిన్రు అని అడిగాడు. నేనేనన్నాను. చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలనీ, వాలితేనే రావాలనీ రైలు లేని ఊరివాడిని, నాకేం తెలుసు? అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. ఒకనాడు తొందరలో, లైను మీద ఖాళీ రైలు పెట్టెలు నిలబడి ఉండగానే ఆయన సిగ్నల్ వాల్చాడు. డ్రైవర్ యాకూబ్ సాబ్ దాన్ని నమ్మి బండి తెచ్చి గుద్దాడు. ప్రాణాలు పోలేదు. అందరూ అటు పరుగెత్తితే మల్లయ్య పెద్దయ్య మీట దగ్గరికి పరుగెత్తి, చెయ్యిని మళ్ళీ పైకి లేపాడు. ఆఫీసర్లు వచ్చేసరికి సిగ్నల్ అడ్డంగానే ఉంది. తాగి బండి నడిపాడని యాకూబ్ సాబ్ కొలువు తీసేశారు. ఇప్పుడాయన మిర్యాలగూడలో కూతురింట్లో మంచంలో ఉన్నాడు. నిజం చెప్పాలని పెద్దయ్య మూడుసార్లు ఆ గుమ్మందాకా పోయి, నోరు రాక తిరిగొచ్చాడట. అందుకే ఆ రోజు ఉన్నట్టే, చెయ్యి వాల్చి, స్టేషను కట్టాడు. ఫోటో అయితే, నోరు రాకపోయినా, మంచం మీది మనిషి చేతిలో పెట్టొచ్చు.

నాకు తల కొట్టేసినట్టయింది. నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో చెయ్యిని వాల్చేస్తానన్నాను. పెండ్లికూతుళ్ళ మశూచి మచ్చలు రోజూ మాయం చేసేవాణ్ణి, ఇదెంత పని?

"ఒద్దు కొడుకా. ఒక్కపాలి దిద్దిన. సాలు."

బెజవాడ నుంచి ప్లేట్లు తెప్పించుకోవడానికి కోదాడ పోయాను. బొమ్మ రైలుకి రెండోసారి ఫోటో ఏంటండీ అని అక్కడి షాపాయన నవ్వాడు. నేను నవ్వలేదు. వాలిన చెయ్యిని వాలినట్టే తీసి, ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం.

ఈసారి పెద్దయ్య గుమ్మం దాటాడు. ఫోటో యాకూబ్ సాబ్ చేతిలో పెట్టి, "చెయ్యి నేనే వాల్చిన సాబ్. మళ్ల నేనే లేపిన," అన్నాడు. యాకూబ్ సాబ్ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కూతుర్ని పిలిచాడు.

"సూడు బేటీ, వాలే ఉన్నది. నేను తాగలేదు. మీ అమ్మకు ఎంత చెప్పినా నమ్మలే. నమ్మకుంటనే పోయింది."

ఆ ఫోటోను గుండెమీద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దయ్యతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇక వెళ్ళమని కూతురు మెల్లగా చెప్పేదాకా పెద్దయ్య చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. బస్టాండులో నేను ఉండబట్టలేక, ఆయన మన్నించలేదు గదా అన్నాను.

"మన్నిస్తడని పోలె కొడుకా. తప్పు ఆయనది గాదని చెప్పనీకె పోయిన."

అంతటి ధైర్యం నేను మరొకరిలో చూడలేదు. పెద్దయ్య పోయి ఎన్నో ఏళ్ళయింది. నేను చేసిన తప్పులకు నేనే వెళ్ళి నిలబడాల్సిన సందర్భాలు నా బతుకులో మూడు వచ్చాయి. రెండుసార్లు ఆయన్ని తలచుకుని వెళ్ళాను. మూడోది హాలియాలో ఉన్న మా అన్నకు చెప్పాల్సిన మాట. మా నాన్న ఆఖరి రోజుల్లో నన్ను పంపి అన్నను పిలవమన్నాడు. నేను పిలవలేదు. పిలిచినా అన్న రానన్నాడని నాన్నకు చెప్పాను. నాన్న అదే నమ్మి పోయాడు. అన్నకిప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. రేపు పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను.