పొడి నేల మీద సంతకం

మీటరక్కకి అసలు పేరు ఉంది గానీ, అది లైసెన్సు కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికిరాదు. యాభై ఏళ్ల మనిషి. ఎర్త్ కొలిచే పసుపుపచ్చ మీటరు భుజానికి తగిలించుకుని తిరుగుతుంది కాబట్టి పనివాళ్లందరికీ మీటరక్కే. కంపెనీ ఎక్కడ సోలారు స్తంభం పాతినా, అందులోకి దారితప్పిన కరెంటు నేలలోకి దిగిపోతుందని కొలిచి సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఆ సంతకం పడందే స్విచ్చి వెయ్యకూడదు. గొడవంతా దీని చుట్టూనే.

ఆ శుక్రవారం పొద్దున బడి ఆవరణలోకి వెళ్లింది. పన్నెండడుగుల స్తంభం, నెత్తిన నాలుగు పలకలు. పిల్లలు తాగే కుళాయిల మోటారు దాంతోనే నడవాలి. సోమవారం ప్రారంభం, అప్పుడే కుర్చీలు కూడా దిగాయి. ఫోర్‌మన్ స్వయానా మరిది. ఆవిడకి ఈ ఉద్యోగం ఇప్పించినవాడు. ఆ మాట ఏడాదికి నాలుగుసార్లు గుర్తుచేయకపోతే అతనికి అన్నం అరగదు.

స్తంభం మొదట్లో వంగి కాస్త మట్టి తీసి నలిపింది. తడి. చినుకు పడి నెలయింది.

“నీళ్లు పోశావా?”

“రెండు బకెట్లు వదినా. అందరూ పోసేదేగా! మట్టి తడిస్తే మీటరు మంచి లెక్క చూపిస్తుంది. నువ్వు సంతకం పెడతావు, నేను ఇంటికి పోతాను. ఎవరి సొమ్ము పోయింది?”

అందరూ పోసేదే, నిజమే. కొత్తలో ఆవిడా పోసింది. ఒక వీధి దీపం స్తంభానికి తడి మట్టిలో కొలిచి సంతకం పెట్టింది. ఎండలు ముదిరి నేల బీటలు వారింది. లోపల వైరు తోలు ఊడింది. వీపు రుద్దుకోవడానికి స్తంభానికి ఆనుకున్న ఆవు అక్కడికక్కడే కూలిపోయింది. మనిషి కాదు కదా, వదిలెయ్యమన్నారందరూ. ఆవిడ వదల్లేదు. అప్పటినుంచి తడి నేలలో మీటరు పెట్టదు. దానివల్ల ఎంతమందికి కంట్లో నలుసైందో చెప్పాలంటే పొద్దుగూకుతుంది.

“ఆరనీ. ఆరేదాకా కూర్చుంటా” అని ఒక కుర్చీ లాక్కుని స్తంభం పక్కనే వేసుకుంది.

మరిది బతిమాలాడు, కసిరాడు, చివరికి యజమానికి ఫోను కలిపి చేతికిచ్చాడు.

“సంతకం పెడతావా, ఇంటికి పోతావా? నీలాంటి లైసెన్సులు నాకు వంద దొరుకుతాయి!”

“దొరికినవాళ్లని పంపండి సార్. కుర్చీ మాత్రం ఖాళీ లేదని చెప్పండి.”

ఫోను తిరిగిచ్చేసింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క జీతమే. భయపడింది, అయినా లేవలేదు.

మధ్యాహ్నానికి మరిది సంతకానికి కాగితం పట్టుకుని మళ్లీ వచ్చాడు.

“సరే, నీ మాటే కానీ” అంది. “మోటారు వైరు తోలు నేనే ఒకచోట గీకి ఈ ఇనుముకి తగిలిస్తా. స్విచ్చి వేస్తా. నువ్వు స్తంభం పట్టుకుని నిలబడు. మరుక్షణం సంతకం పెడతా.”

మరిది నవ్వబోయాడు. పంతానికి చెయ్యి చాచాడు కూడా. ఇనుముకి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది.

“కింద బండ తగిలింది వదినా” అన్నాడు నేల చూస్తూ. “ఎనిమిదడుగుల ఎర్త్ కడ్డీలో రెండడుగులే దిగింది. మిగతాది కోసేశా. పైకి తెలీదుగా అని.”

తిట్టాల్సినవన్నీ తిట్టింది. తర్వాత గునపం అందుకుంది.

బండ లేని చోటు వెతికి, గోడ వారన కాలవ తవ్వారు. మూడు నిండు కడ్డీలు ఎడంఎడంగా దించారు. మూడింటినీ రాగి పట్టీతో కలిపి స్తంభానికీ, మోటారు గది ఎర్త్‌కీ బిగించారు. ఒక్క చుక్క నీళ్లు పడనివ్వలేదు. ఆదివారం సాయంత్రం మీటరు మూడున్నర ఓములు చూపించింది. ఐదు లోపుంటే చాలు. సంతకం పెట్టి, కింద ‘పొడి నేల’ అని రాసి రెండు గీతలు గీసింది. యజమాని కాగితం ఉంచుకుని మీటరక్కని ఉద్యోగంలోంచి తీసేశాడు.

సోమవారం ఆవిడ గేటు బయట నిలబడింది. పిలుపు లేదు మరి. స్విచ్చి వేశారు, కుళాయిల్లో నీళ్లొచ్చాయి, ఉపన్యాసం మొదలైంది. రెండు జడల పిల్ల ఒకతి స్తంభాన్ని ఒంటిచేత్తో పట్టుకుని గిరగిరా తిరుగుతోంది.

“ఏయ్, కరెంటు స్తంభం! వదులు!” అని కేకేసింది టీచరు.

“వదలక్కర్లేదు టీచరుగారూ!” మీటరక్క గొంతు మైకుని మించి వినపడింది. “పట్టుకోనివ్వండి. సంతకం పెట్టింది నేను!”