మా వాడు వెనక్కి చూసిన ఆదివారం

మా కుక్కకు లోకంలో అన్నీ కావాలి, నేను తప్ప.

విజయనగరంలో మా ఇంటి దగ్గరి గ్రౌండులో ఆదివారం పొద్దున్నే కుక్కలకు ఆటలు నేర్పుతారు. పైపులతో కట్టిన అడ్డాల మీంచి దూకాలి. టార్పాలిన్ గొట్టంలో దూరి అవతల తేలాలి. అన్నీ మనిషి చేతి సైగను బట్టే. మా వాడు వీధిలో దొరికిన కుక్క. దూకడంలో వాడిని కొట్టేవాడు లేడు. కానీ తాడు విప్పితే చాలు, ముంజెల బండి, క్రికెట్ బంతి, ఎవరి స్కూటర్ మీదో ఎండుచేపల మూట, అన్నిటినీ పలకరించి రావాల్సిందే.

నేను వెనక నుంచి అరుస్తూనే ఉంటాను. "ఒరే, ఇటు రా! ఇటు సూడు! నిన్నేరా, ఏటా పరుగు?" వీణ పాఠాలు చెప్పే గొంతు, గ్రౌండు ఆ చివరి దాకా వినిపిస్తుంది. వాడికి తప్ప.

ఒక ఆదివారం వాడు మేకల మందలో పడి ఒక మేకపిల్లను గేటు దాకా తరిమాడు. కరవలేదు, ఆడుకుందామనుకున్నాడు. మేకలాయన నన్ను తిట్టిన తిట్లు మాత్రం ఇక్కడ రాయలేను. ట్రైనర్ గారు కూడా మొహమాటపడలేదు.

"సూడమ్మా, వచ్చే ఆదివారం కూడా ఇలాగే పారిపోతే ఇంక తీసుకురాకండి. మేకలోళ్లతో నాను పడలేను."

నా ప్రాణం ఉసూరుమంది. గొట్టంలోంచి చెవులు ఎగరేసుకుంటూ బయటికొచ్చేటప్పుడు వాడి మొహం చూడాలి! ఆ సంబరాన్ని వాడి దగ్గర్నుంచి లాక్కోవడం నావల్ల కాదు.

ఆ మంగళవారం ఒక అమ్మాయికి పాఠం చెబుతున్నాను. తను వాయిస్తోంది, నేను ఎప్పటిలాగే సరిదిద్దుతూ వాగుతున్నాను. మా వాడు గుమ్మంలో నిద్రపోతున్నాడు. వీధిలోకి గ్యాస్ బండి వచ్చినా చెవి కదపలేదు. ఉన్నట్టుండి తీగ తెగింది. వీణ ఆగింది, నా నోరూ ఆగింది. వాడు తటాలున తలెత్తి నా మొహంలోకి చూశాడు.

ఇదేమిటి చెప్మా, అనుకున్నాను.

మర్నాడు పనిగట్టుకుని పరీక్ష పెట్టాను. వంటింట్లో బీరకాయ తరుగుతూ, హాల్లో ఉన్న మా ఆయనతో ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆపేశాను. పెరట్లోంచి కుక్క పరిగెత్తుకొచ్చింది. దాని వెనకే మా ఆయనా వచ్చారు.

"ఏటే, ఒంట్లో బాగున్నాది కదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా గొంతు వీళ్లిద్దరికీ ఫ్యాను చప్పుడులాంటిదన్నమాట. ఆగితేనే తెలుస్తుంది. మరి గ్రౌండులో కూడా ఇంతేనా? ఆదివారం దాకా ఇదే ఆలోచన.

ఆదివారం రానే వచ్చింది. తాడు విప్పాను. నేను ఎప్పటిలాగే అరుస్తూ ఉంటే అడ్డాలన్నీ చక్కగా దూకాడు. గొట్టం ముందుకొచ్చేసరికి గేటులోంచి మేకలు దిగాయి. మా వాడు అటు తిరిగాడు, పరుగు లంకించుకున్నాడు.

"పిలవండమ్మా! పిలవండి!" ట్రైనర్ గారు కేకేశారు.

ఒరే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాను. వాడి కోసం తెచ్చిన కొబ్బరి ముక్కలు గుప్పిట్లో నలిగిపోతున్నాయి. మేకలకి ఇంకాస్త దూరం. ఎందుకొచ్చిన పరీక్ష దేవుడా, పిలిచేస్తే పోలేదా?

వాడి పరుగు తగ్గింది. ముందు ఒక చెవి వెనక్కి తిరిగింది. తర్వాత ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి, మేకలన్నిటినీ వదిలేసి, నా మొహంలోకి చూశాడు.

చెయ్యెత్తి గొట్టం వైపు చూపించాను. బాణంలా వచ్చి అందులో దూరాడు. అవతల తేలగానే మళ్లీ నన్నే వెతుక్కున్నాడు.

"వచ్చే ఆదివారం కొబ్బరి ఇంకొంచెం ఎక్కువ తెండమ్మా," అన్నారు ట్రైనర్ గారు.

సరేనని తలూపాను. గుప్పిట్లో నలిగిన కొబ్బరంతా వాడి ముందు పెట్టాను.