వీలునామాల జ్ఞానానందం పెళ్లి విందు

గరివిడిలో జ్ఞానానందానికి కోపం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఆయన ముఖం చూడనక్కర్లేదు. చీపురుపల్లి ఆటో ఎక్కాడా లేదా అని చూస్తే చాలు. ఎక్కాడంటే ఎవరికో మూడిందన్నమాటే. చీపురుపల్లిలో దస్తావేజులు రాసే దాలయ్య, ఆయన ఆటో దిగడం చూడగానే కళ్లజోడు తుడుచుకుని, "ఈసారి ఎవుల్ని తీసీమంటారు బాబూ?" అని అడిగేవాడు. దాలయ్య కట్టుకున్న మేడకి పునాది జ్ఞానానందం కోపమేనని ఊళ్లో ఒక మాట ఉంది. అందులో అబద్ధం ఉంటే సగమే ఉంటుంది.

మనిషి సామాన్యుడు కాడు. ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మానేసిన మర్నాడు ఫర్నేసు మండనని మొరాయించిందట. మేనేజరు జీపు పంపించి బతిమాలితే, ఈయన వెళ్లి దాని ఒళ్లు తట్టి, "తప్పమ్మా, కొత్తోళ్ల మాట కూడా వినాల" అని సముదాయించి వచ్చాడట. వైశాఖంలో ఊరంతా ఉడికిపోతుంటే ఈయన మెడకి మఫ్లరు చుట్టుకుని తిరిగేవాడు. ఆ వేడి ఆయన లెక్కలో చలికాలమే.

ఇంతటి మనిషికి ఉన్న ఆస్తి మాత్రం రోడ్డు మీదికి ఒక పెంకుటిల్లు, పెరట్లో రెండు మామిడిచెట్లు, ఒక టీవీఎస్ బండి, తండ్రినాటి హార్మోనియం, క్రిస్మస్‌కి ఊరందరికీ వండగల ఇత్తడి అండా. ఈ కాస్త ఆస్తినే ఆయన వీలునామాలో ఊరంతటికీ పంచాడు. ఈస్టరు నాడు తమ్ముడు జేమ్స్ వందనం చెప్పడం మరిచిపోతే మామిడిచెట్లు జేమ్స్ పేరు మీంచి లేచిపోయాయి. జేమ్స్ భార్య ప్రిస్కిల్లా నాటుకోడి వండి పట్టుకొస్తే చెట్లు తిరిగొచ్చాయి, వాటి వెంట అండా కూడా ప్రిస్కిల్లా పేరు మీదికి నడిచొచ్చింది. ఫర్నేసులో ఆయన కింద పనిచేసిన కూర్మయ్యకి టీవీఎస్ బండి రాశాడు, చీట్లపేకలో ఓడిస్తే తీసేశాడు, బతిమాలితే మళ్లీ రాశాడు. పాస్టరుగారికి పడక్కుర్చీ. రాసిన దాలయ్యకి గోడగడియారం. ఆదివారం ఆరాధన అవగానే జనం ప్రసంగం సంగతి వదిలేసి, "ఈ వారం ఎవులున్నార్రా, ఎవులు పోనార్రా?" అని ఒకరినొకరు అడిగేవారు. ఆయన ఇంట్లో కోడికూర వాసన లేని ఆదివారం లేదు.

ఎన్నిసార్లు తిరగరాసినా కదలని వాక్యం మాత్రం ఒకటుండేది. ముందుగది, దాని వెనక ఇల్లు, కోడలు కృపారాణికి.

జ్ఞానానందం భార్య ఎప్పుడో పోయింది. కొడుకు శామ్యూలు మోటారుసైకిలు మీద రాత్రి డ్యూటీకి వెళ్తూ లారీ కింద పడి పోయాడు. పిల్లలు లేరు. బొబ్బిలి నుంచి పుట్టింటివాళ్లు వచ్చి రమ్మన్నా కృపారాణి వెళ్లలేదు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. దుకాణానికి బోర్డు పెట్టుకోమ్మా అని ఎవరైనా అంటే, "గది మావయ్యది, బోర్డు నాదేటి?" అనేది. ఈ ఊళ్లో ఆయనకి ఎన్నడూ కోడి వండి పెట్టని మనిషి ఆమె ఒక్కతే. పొద్దున చోడి అంబలి, ఉల్లిపాయ. అంతే.

హుద్‌హుద్ తుఫాను పోయిన మరుసటి ఏడు, అంబలి గ్లాసు చేతికిచ్చి కృపారాణి చెప్పింది. "మావయ్యా, లీలారాణమ్మగారని ఎస్.కోటలో నర్సుగా సేసి రిటైరయినారు. ఒక్కరే ఉంటన్నారు. మాటాడీసినాను."

"ఏటి మాటాడీసినావు?"

"మీ పెళ్లి."

జ్ఞానానందం గ్లాసు కింద పెట్టేశాడు. "ఈ వయసులో పెళ్లేటే? ఊరు నవ్వదేటి?"

"ఇప్పుడు నవ్వట్లేదేటి?" అంది కృపారాణి, దారం పళ్లతో తెంపుతూ. "ఫర్నేసు కతలు ఇంటూ కూకుంటే జాకెట్లు ఎవులు కుడతారు మావయ్యా? మీ మాట ఇనడానికి ఇంట్లో ఒక మనిషుండాల. ఆవిడికి ఓపికెక్కువట. ఆస్పత్రిలో పనిచేసినారు గదా."

పెళ్లంటే భయం లేదు గానీ జ్ఞానానందానికి ఒక అనుమానం పట్టుకుంది. టీ కొట్టు దగ్గర కూర్మయ్యని అడిగాడు. "ఒరే, నానిప్పుడు పెళ్లాడితే కోడలు గుంటకి రాసిన గది ఏటవుతాది?"

"ఏటీ అవదు బావా," అన్నాడు కూర్మయ్య ధీమాగా. "మా నాన్న రెండో పెళ్లి సేసుకోనేదా? ముందు రాసిన వీలునామా రాయిలాగ అలాగే ఉన్నాది. కోర్టు కూడా ఒప్పుకుంది."

దాలయ్యని అడిగితే ఆయనా అదే అన్నాడు. దాలయ్య దగ్గర వీలునామా రాయించి మళ్లీ పెళ్లాడినవాళ్లంతా కూర్మయ్య నాన్నలాంటి హిందువులే. వీలునామా రాయించాక చర్చిలో పెళ్లాడినవాడు ఎవడూ అప్పటికి ఆయనకి తగల్లేదు. జ్ఞానానందం నిశ్చింతగా కొత్త చొక్కా గుడ్డ కొన్నాడు.

బాప్టిస్టు చర్చిలో పెళ్లి పగలే జరిగింది. "ఇష్టమేనా?" అని పాస్టరుగారు అడిగితే, జ్ఞానానందం "ఇష్టమే" అన్న కేక గరివిడి స్టేషన్లో ఆగిన పాసింజరుకి విజిలులాగ వినపడి బండి బయల్దేరిపోయిందంటారు. తర్వాత షామియానా కింద విందు. బిరియానీ ఆ ఇత్తడి అండాలోనే.

పెళ్లికొడుకు పక్కన లీలారాణి అక్క కొడుకు ఫిన్నీ కూర్చున్నాడు. విజయనగరం కోర్టులో కొత్తగా నల్లకోటు వేసిన కుర్రవాడు. వకీలు దొరికితే జ్ఞానానందం ఊరుకుంటాడా?

"బాబూ, మీ పిన్ని తక్కువ ఇంటికి రానేదు. నా వీలునామా సూస్తే జడ్జీలు లేచి నిలబడతారు."

"ఎప్పుడు రాశారు బాబాయ్‌గారూ?" అన్నాడు ఫిన్నీ, ముక్క నములుతూ.

"మొన్న మట్టలాదివారం వెళ్లాక. కొత్తదే."

"అయితే అది చెల్లదండి."

"ఏటీ?"

"పొద్దున ఇష్టమే అన్నారు కదా. దాంతో పోయింది. క్రైస్తవులు పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా ఏదైనా రద్దే. చట్టంలో ఉంది."

ఎదుటి బల్ల నుంచి కూర్మయ్య లేచాడు. "అదెలాగ బాబూ? మా నాన్నది అవనేదు!"

"మీకు ఆ సెక్షను లేదండి. వీళ్లకుంది."

జ్ఞానానందం నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడు నాను పోతే?"

"ఆస్తి సగం పిన్నికి. బిడ్డలూ మనవలూ లేరు, అమ్మానాన్నా లేరు కాబట్టి మిగతా సగం తమ్ముడుగారికి."

"కోడలికో?"

ఫిన్నీ విస్తరి వైపు చూశాడు. "కోడలికి ఏమీ రాదండి."

పెరుగుచట్నీ బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్న కృపారాణి ఈ మాట వింది. ఒకాయన విస్తట్లో పెరుగు వేసి, మళ్లీ ఆయన విస్తట్లోనే వేసింది.

ఫర్నేసు ముందు బెదరని జ్ఞానానందానికి చావు భయం మొదటిసారి పట్టుకున్నది ఆ క్షణంలోనే. చేతిలో ఎముక ముక్క గొంతుకి అడ్డం పడుతుందేమోనని పక్కన పెట్టేశాడు. తల మీద ఊగుతున్న ఫ్యాను చూసి కుర్చీ జరుపుకున్నాడు. నీళ్లు కూడా చప్పరించి మింగాడు. ఈ మనువు కుదిర్చిన పిల్ల, ఆయన బాగు కోరి, తన గూడు తానే ఊడబీకేసుకుంది!

కాసేపటికి అనుమానం కూడా వచ్చింది. "ఒరే బాబూ, ఇది మీ పిన్నికి సగం రావాలని ఆడతన్న నాటకం కాదు గదా?"

అప్పటిదాకా తలవంచుకున్న లీలారాణి తలెత్తింది. "ముందు కూకోండి, బీపీ పెరుగుతాది. సగం నానేటి సేసుకుంటాను? నాకు పింఛనొస్తాది. బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఉండనిస్తే సాలు. ఫిన్నీ, కాగితం తియ్యి. ఆయన సెప్పింది రాయి. బేగి."

తెల్లకాగితం చాలన్నాడు ఫిన్నీ. ఇల్లు కృపారాణికి, ఉన్నన్నాళ్లు లీలారాణి అందులో ఉండడానికి, మిగతావి ఎవరివి వాళ్లకి అని చకచకా రాశాడు. రాసి అన్నాడు: "సాక్షులిద్దరు కావాలి. రేపు అవసరమైతే కోర్టుకొచ్చి చెప్పగలవాళ్లు, ఊళ్లోవాళ్లు అయితే మంచిది. రాసింది నేను కాబట్టి నేను ఉండను. ఒక్క సంగతి. సంతకం పెట్టినవాళ్లకి గానీ వాళ్ల భార్యకి, భర్తకి గానీ ఇందులో రాసింది చెల్లదు. ఏమీ రానివాళ్లు రండి."

ఎవరూ లేవలేదు. ఏమీ రానివాడు ఊళ్లో ఉంటే కదా! పాస్టరుగారు పడక్కుర్చీ తలుచుకుని కళ్లు మూసుకున్నారు. దాలయ్య గోడగడియారం తలుచుకుని చేయి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. చివరికి వంటమేస్త్రి, "నాకు అండా గరిటె రాసినారు గదండీ" అన్నాడు నసుగుతూ. ఇన్నేళ్లూ కోపం వచ్చినప్పుడు ఒకరిని కొట్టేసి, ప్రేమ వచ్చినప్పుడు పదిమందిని చేర్చిన పాపం, అవసరానికి అడ్డం తిరిగింది.

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "బాబూ, బావ బతికుండగానే బండి ఇచ్చీస్తే సెక్షనడ్డమొస్తాదేటి?"

"రాదండి."

"అయితే తాళాలు ఇలాగిచ్చీ బావా. సంతకం నాది."

జ్ఞానానందం పెళ్లి ప్యాంటు జేబులోంచి తాళాలు తీసి విసిరాడు. "తియ్యరా దొంగా!" కూర్మయ్య సాక్షిగా వచ్చి నిలబడ్డాడు.

రెండో సాక్షి కావాలి. అందరూ జేమ్స్ వైపు చూశారు. కాగితం లేకపోతే సగం ఇల్లు ఆయనదే. కాగితం మీద సంతకం పెడితే ఇల్లూ పోతుంది, చెట్లూ పోతాయి. జేమ్స్ మెల్లగా లేచాడు. ప్రిస్కిల్లా వెనకనుంచి చొక్కా పట్టుకు లాగింది.

"ఏటండీ, మీరు పెడితే నా అండా కూడా పోతాది!"

"పోనీవే," అన్నాడు జేమ్స్. "అన్నయ్య సెట్లు ఎన్నిసార్లిచ్చి ఎన్నిసార్లు లాక్కున్నాడో, ఒక్క కాయైనా తిన్నామేటి? శామ్యూలు గుంటడు నా బుజాల మీద పెరిగినాడు. ఆడి పెళ్లానికి నానడ్డమేటి?"

ప్రిస్కిల్లా చొక్కా వదిలేసింది. వదిలేసి, ముక్కు చీదుకుని, "అయితే బావగారూ, అండా కూడా ఇప్పుడే ఇచ్చీండి. కూర్మయ్యకో నాయం, నాకో నాయమేటి?" అంది.

జ్ఞానానందం కూర్మయ్యా జేమ్సూ చూస్తుండగా సంతకం పెట్టాడు. దాని కింద వాళ్లిద్దరూ పెట్టారు. కాగితం ఫిన్నీ చేతికి వెళ్లాక గానీ పెళ్లికొడుకు గట్టిగా ఊపిరి పీల్చుకోలేదు. అప్పుడు పక్కన పెట్టిన ఎముక ముక్క మళ్లీ అందుకున్నాడు.

ప్రిస్కిల్లాకి అండా ఖాళీ చేసి ఇవ్వాలి కనక జనం మరో విడత బిరియానీ తిన్నారు. సాయంత్రానికి పడక్కుర్చీ పాస్టరుగారి వరండాకి, గడియారం చీపురుపల్లికి, గరిటె వంటమేస్త్రి సంచిలోకి చేరాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఆటోలో ఇంటికెళ్తుంటే, ముందు కూర్మయ్య టీవీఎస్ మీద దారి పొడుగునా హారను కొట్టుకుంటూ వెళ్లాడు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆ ఇంటికి కోడికూర రావడం ఆగిపోయింది. లీలారాణి కూడా అంబలే మంచిదంది, బీపీకి. ముందుగదికి మాత్రం బోర్డు వచ్చింది. నీలం మీద తెల్ల అక్షరాలతో కృపా లేడీస్ టైలర్. మేకు కొట్టింది జేమ్స్. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆయన్ని మామిడికాయలు కోసి పట్టుకెళ్లమంది కృపారాణి.

ఇప్పుడు జ్ఞానానందం ఆ బోర్డు కింద కూర్చుని, జాకెట్లకి వచ్చినవాళ్లకి ఈ కథ చెబుతాడు. అందులో ఫిన్నీ ఉండడు, భయమూ ఉండదు. "చట్టం నాకు ముందే తెలుసమ్మా," అంటాడు. "ఆ పాత వీలునామాలన్నీ సింపుకుంటూ కూకుంటే సేతులు నొప్పెడతాయని, పెళ్లాడీసినాను."

లోపల్నుంచి లీలారాణి దగ్గు, మిషను చప్పుడు కాస్త ఆగడం, మళ్లీ మొదలవడం వినపడతాయి.