పదిహేడు విశేషణాల ప్రార్థన

ఏ భాషకైనా ఒకటే దారి ఉంటుందని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. ఆ దారి మా నాన్న వేసింది. గోదావరి గట్టున మా ఊళ్లో నేను బడి గడప తొక్కలేదు. నాన్నే వరండాలో కూర్చోబెట్టి అన్నీ నేర్పి, పరీక్షలు మాత్రం ప్రైవేటుగా కట్టించారు. “ఒక భాషాభాగం పూర్తయ్యాకే ఇంకోటి, తల్లీ” అనేవారు. ముందు నామవాచకాలు, తరవాత విశేషణాలు, ఆఖరున క్రియలు. (ఇంగ్లీషులో నేను ఒక పూర్తి వాక్యం పలికేసరికి నాకు పదకొండేళ్లు వచ్చాయి.) ఆ చదువుతోనే, దేవుని దయవల్ల, జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో ముసలివాళ్లను చూసుకునే పనిలో శిక్షణకు చేరాను. దేవునికీ నాన్నకూ నేను చెప్పుకోవాల్సిన కృతజ్ఞతలు ఇంకా తీరలేదు.

శిక్షణ రెండో ఏడు మొదలవుతుండగా మేముండే హాస్టల్‌కి మరమ్మతులని చెప్పి, నెలన్నరలో ఖాళీ చేయమన్నారు. చిరునామా లేకపోతే ఆన్‌మెల్డుంగ్, అంటే నివాస నమోదు, లేదు; ఆన్‌మెల్డుంగ్ లేకపోతే వీసా పొడిగింపు లేదు. చర్చిలో ఎవరో చెబితే, అందరూ అమ్మచ్చి అని పిలిచే పెద్దావిడ ఇంటికి వెళ్లాను. పంతొమ్మిదో ఏట నర్సుగా కేరళ నుంచి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. మా మాటలన్నీ ఇంగ్లీషులో, నడుమ నడుమ జర్మన్‌లో సాగాయి. “గది ఉంది మోళే” అంది (మోళే అంటే బిడ్డా అని). “మా ఆయన పోయి ఏడేళ్లయింది. ఈ బల్ల దగ్గర మలయాళంలో ప్రార్థన వినీ ఏడేళ్లే. పిల్లలు ఫోన్ చేస్తే జర్మన్‌లోనే బదులిస్తారు. మా వైపు అమ్మాయిలేమో గుంపుగా ఉంటారు, ముసలిదాని ఇంటికి ఎందుకొస్తారు? నెల తరవాత ఆదివారం భోజనానికి రా. మలయాళంలో చిన్న ప్రార్థన చెయ్యి. అప్పుడు చూద్దాం.”

నాతో శిక్షణలో ఉన్న మలయాళీ అమ్మాయిని, చేచ్చి (అక్క) అని పిలిచేదాన్ని, కాళ్లావేళ్లా పడి గురువును చేసుకున్నాను. నామవాచకాలు పది రోజుల్లో అయ్యాయి, సగం మనవే. విశేషణాల దగ్గరకొచ్చాక నాకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దంతా క్లాసులో జర్మన్ విశేషణాలతో కుస్తీ: ఆడా మగా, ఒకరా పదిమందా చూసుకుని ప్రతిసారీ వేరే తోక తగిలించాలి. మలయాళంలో ఆ బాధే లేదు. తాత ముందైనా అవ్వ ముందైనా పది ఇళ్ల ముందైనా ‘వలియ’ అంటే సరి, అచ్చం మన ‘పెద్ద’లాగే. పుట్టుకతో విశేషణాలైనవి వాళ్లకూ కాసినే, మిగతావి చేసుకోవడమే. గుణం పేరు పక్కన ‘ఉళ్ళ’ చేర్చితే చాలు, మన ‘గల’ చేసే పనంతా అది చేస్తుంది. స్నేహమంటే వాళ్లకు ప్రేమ. స్నేహముళ్ళ అంటే ప్రేమగల. కరుణయుళ్ళ, శక్తియుళ్ళ, కృపయుళ్ళ... నాన్న ప్రార్థనలో విన్న గుణాలన్నీ వరసగా గుర్తుచేసుకుని, ఒక్కోదానికీ ఉళ్ళ తగిలిస్తూ నోటుబుక్కు నింపేశాను. (మా వైపు ఇళ్లలో గుణాలు ఎన్ని చెబితే అంత భక్తి. చిన్న ప్రార్థన అన్న మాటే మేమెరగం.)

“నువ్వు దేవుణ్ణి పిలుస్తున్నావా, పెళ్లికొడుకుని పొగుడుతున్నావా? క్రియలెప్పుడు నేర్చుకుంటావు?” అంది చేచ్చి.

“విశేషణాలు పూర్తవనీ చేచ్చీ” అన్నాను. అవి పూర్తయ్యేసరికి ఆదివారం వచ్చేసింది.

బల్ల మీద అప్పాలు, కొబ్బరిపాల కూర పొగలు కక్కుతున్నాయి. అమ్మచ్చి చేతులు జోడించి కళ్లు మూసుకుంది. నేను మొదలుపెట్టాను. స్నేహముళ్ళ, కరుణయుళ్ళ... వేళ్లు మడుచుకుంటూ పదిహేడు. కూర మీద పొగ ఆగిపోయింది. చివర “దైవమే” అన్నాను. అని, ఆగిపోయాను. ఆయన్ని అంత ఘనంగా పిలిచాను. ఆయన వచ్చి, ఏం కావాలమ్మా అన్నట్టు ఎదురుగా నిలబడ్డారు. నా దగ్గర మాట లేదు. గది పోయిందనుకున్నాను.

అమ్మచ్చి ఒక కన్ను తెరిచింది. “తరవాత?”

“అంతే, అమ్మచ్చీ.”

“ఏమీ అడగవా?”

“అడగడం ఇంకా నేర్చుకోలేదు.”

ఆమె నవ్వలేదు. “సరే, నేను అడుగుతాను. నువ్వు ఆమేన్ అను” అంది. కళ్లు మూసుకుని మలయాళంలో ఒక్క వాక్యం పలికింది. ఇల్లు, బిడ్డ అన్న రెండు మాటలు తప్ప నాకేమీ అర్థం కాకపోయినా, గది మీది ఆశతో అవసరానికి మించి గట్టిగా ఆమేన్ అన్నాను.

“కూర చల్లారింది, వెచ్చబెట్టు” అంది అమ్మచ్చి. “గరిటెలు ఎడమ సొరుగులో ఉంటాయి. చూసి పెట్టుకో, రేపట్నుంచి వెతుక్కోనక్కర్లేదు.”

నాన్న అలవాటు చేసిన బట్టీ వల్ల ఆమె వాక్యం చెవిలో అలాగే ఉండిపోయింది. క్రిస్మస్ నాటికి క్రియలు వచ్చాయి. ఒక సాయంత్రం ఆ వాక్యాన్ని కాగితం మీద పెట్టి విడదీశాను. ‘ఈ బిడ్డ ఈ ఇల్లు విడిచి వెళ్లేలోగా నన్ను తీసుకుపో.’

వంటింట్లోకి పరిగెత్తాను. “నా చేత దేనికి ఆమేన్ అనిపించారు, అమ్మచ్చీ!”

ఆమె బంగాళదుంప తొక్క తీస్తూ, తలెత్తకుండానే, “ఓహో, క్రియలు వచ్చాయన్నమాట” అంది.

ఆ రోజే నేనొక లెక్క వేసుకున్నాను: నేను కదలనన్నాళ్లూ దేవునికి తొందరుండదు. శిక్షణ అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది; వేరే ఊళ్లో మంచి ఇల్లు దొరికినా నేను కదల్లేదు. (మా ఆయన ఓపికగల మనిషి. పదిహేడులో ఆ గుణమూ ఉంది.) తొమ్మిదేళ్లకు దేవుడు నా లెక్క పక్కనపెట్టి అమ్మచ్చి మాట విన్నారు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

ఇప్పుడు అదే బల్ల దగ్గర మా అమ్మాయి “కాల్ట్ అవుతోంది మామా, కాల్ట్!” అంటూ గరిటె పట్టుకుని కూర్చుంటుంది (మామా అంటే దాని జర్మన్‌లో అమ్మా అని, కాల్ట్ అంటే చల్లగా అని). నేనింకా తొమ్మిదో గుణం దగ్గరే ఉంటాను. క్రియలన్నీ వచ్చు నాకిప్పుడు. అయినా దైవమే అన్నాక, ఆ మాటల్లేని పిల్ల ఆగిన చోటే ఒక్క క్షణం ఆగుతాను. ఎదుటి కుర్చీలోంచి ఎవరో ఒక కన్ను తెరిచి, “తరవాత?” అంటారేమోనని.