అమ్మ అరచేతులు

ఇవాళ విజయనగరంలో కత్తిపీటకి పదును పెట్టించడానికి వెళ్తే, కొలిమిలో రాక్షసి బొగ్గు వాసన. అది మా అమ్మ చీర మడతల్లో ఉండే వాసన.

పొందూరు వైపు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అరవైల చివర్లో మనవాళ్ళు బెంగాల్ బొగ్గు గనులకి వలసపోవడం. మా నాన్న అక్కడే గని పైకప్పు కూలి చనిపోయారు. ఆయనకి బదులు అమ్మకి బొగ్గు తట్టలు మోసే పని ఇచ్చారు. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి అమ్మ రైలెక్కింది.

ఏడాదికి వచ్చింది. వెళ్ళొద్దని ఏడుస్తూ చుట్టుకుపోయాను.

"ఇక్కడే ఉండిపోవే. కలో గంజో తాగుదుం. రాట్నం ఉన్నాది కదా" అంది అమ్మమ్మ.

అమ్మకీ ఉండిపోవాలనే ఉంది. మర్నాడే రాట్నం ముందు కూర్చుంది. సన్న నూలు తీయడంలో ఒకప్పుడు ఊళ్ళో అమ్మకి పేరు. ఇప్పుడు పోగు లాగితే తెగింది. మళ్ళీ లాగితే మళ్ళీ తెగింది. పగిలి గరుకెక్కిన అరచేతులకే దారం చిక్కుకుంటోంది. కొబ్బరినూనె రాసుకుని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది.

"తొందరేటి? రేపొస్తాదిలే" అంది అమ్మమ్మ.

"రాదే అమ్మా. ఈ సేతులు ఇంక అక్కడికే పనికొస్తాయి."

ఆ వారమే బయల్దేరింది. స్టేషన్లో నా చెంప నిమరబోయి, గీసుకుంటుందని కాబోలు, చెయ్యి తిప్పి వెనకవైపుతో నిమిరింది. అమ్మని నేను చూడటం అదే ఆఖరు.