కుచ్చెళ్లలోకి పోయిన ‘ఏ’

మా బట్టల కొట్లో ఒక మాట ఉండేది. నేతలో పోగు తెగి చీరలో ఎక్కడన్నా గీత పడితే నాన్న దాన్ని పక్కన పడేసేవాడు కాదు. ఆ గీత లోపలికి వచ్చేలా మడత మార్చి పరిచేవాడు. కొనే ఆవిడ ఎలాగో కనిపెడితే మాత్రం నవ్వుతూ, “కుచ్చెళ్లలోకి పోద్దమ్మా, ఎవరికి కనపడుద్ది?” అనేవాడు. విజయవాడ వన్‌టౌన్‌లో మా వ్యాపారమంతా ఈ ఒక్క మాట మీదే నడిచిందంటే అబద్ధం. సగం నడిచింది. ఇప్పుడు ఆ కొట్టు నాది. ఆ మాట కూడా నాదే.

అందుకే, బెంజ్ సర్కిల్ దగ్గర పాత కంప్యూటర్లు అమ్మే అతను, “సార్, ఈ కీబోర్డులో ‘ఏ’ పడదు, ముందే చెప్తున్నా” అన్నప్పుడు నాకు కోపం రాలేదు. అడక్కుండానే లోపం చెప్పేస్తున్నాడు, ఈ మనిషి ఎలా బతుకుతాడా అని జాలేసింది.

“ఒక అక్షరం లేదంటే ఇరవై ఆరో వంతు తగ్గించాలి కదయ్యా,” అన్నాను.

“బాబ్బాబు, పైన కాస్త వేసివ్వండి, కొత్త కీబోర్డే ఇచ్చేస్తా.”

“కొత్తదెందుకు? ఇదే ఇవ్వు. తగ్గించి ఇవ్వు. కొసరుగా ఆ మౌసు కింద వేసే అట్ట కూడా పడెయ్.”

పడేశాడు. నన్ను వదిలించుకోవడానికి తను కూర్చున్న కుర్చీ కూడా ఇచ్చేసేవాడేమో, అడగడం మర్చిపోయాను. ఆటోలో కంప్యూటర్ని ఒళ్లో పెట్టుకుని, యుద్ధం గెలిచి వస్తున్నవాడిలా ఇంటికొచ్చాను.

కంప్యూటర్ నాక్కాదు, మా ఆవిడకి. ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగానికి అర్జీ పెట్టింది. టైపింగ్ పరీక్ష నెగ్గితే ఉద్యోగం వచ్చినట్టే. పెళ్లయినప్పట్నుంచి మా ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి ఆస్పత్రి ఫీజు దాకా అన్నిటికీ బేరమే చూసిన మనిషి. “ఒకటో తారీకున ఎవర్నీ బతిమాలకుండా, బేరం లేకుండా వచ్చే జీతం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలండీ,” అనేది. ఇన్‌స్టిట్యూట్‌లో చేరతానంటే నేనే వద్దన్నాను. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని ఎవరికో ఫీజు కట్టడమేంటి?

దాంట్లో ఉన్నది లైనక్స్, విండోస్ బదులు వేసేది. ఊరికే వస్తుందని అతను చెప్పాడు. ఊరికే అనే మాటని మా వంశంలో ఎవరూ నమ్మరు. మేం ఏదన్నా ఊరికే ఇచ్చామంటే దాని వెనక అమ్ముడుపోని సరుకేదో ఉండేది. ఇది మాత్రం నిజంగానే ఊరికే. పైగా ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలో మనిష్టం. కొన్నవాడే ధర రాసుకునే కొట్టన్నమాట. నాకు పండగే.

‘ఏ’ పక్కనే క్యాప్స్ లాక్ ఉంటుంది. ఒకసారి నొక్కితే అన్నీ పెద్దక్షరాలు, మళ్లీ నొక్కితే చిన్నవి వేసే కీ. దాంతో రోజూ ఎవరికి పని? దాన్నే ‘ఏ’ చేద్దామనుకున్నాను. కీబోర్డులో ప్రతి కీకీ ఒక నంబరుంటుందట, దీనిది అరవై ఆరు. కంప్యూటర్‌కి ఆర్డర్లు వేసే నల్ల తెరలో ఒక వరుస కొట్టి, అరవై ఆరు నొక్కితే ‘ఏ’ పడాలని చెప్పాను. పడింది. ఆ వెనకే మిగతా అక్షరాలన్నీ పెద్దవైపోయాయి. కొత్త పని ఒప్పుకుంది గానీ పాత పని మానలేదు. ఆ పాత పని ఊడబెరకడానికి ఇంకో వరుస. అంతా కుదిరిందనుకుని కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఏమీ గుర్తులేనట్టు మొదటికొచ్చింది. చివరికి ఆ వరుసలన్నీ ఒక ఫైల్లో పెట్టి, వేసిన ప్రతిసారీ అదే చదువుకునేలా చేశాను. ఆదివారం పోయింది, సోమవారం పొద్దున కొట్టు తెరవడం పోయింది. ఆ పూట కొట్లో పోయిన బేరంతో పది కీబోర్డులు వచ్చేవి. ఆ లెక్క వేసుకోలేదు. గెలిచినవాడు వేసుకోడు.

మా ఆవిడ రెండు నిమిషాలు కొట్టి చూసింది.

“పరీక్షలో మామూలు కీబోర్డు ఇస్తారు కదండీ. నా వేలు దీనికే అలవాటైపోతే?”

“అక్కడ మామూలుగా కొట్టు. రెండు కీలూ పక్కపక్కనే. అంగుళం తేడా లేదు.”

“వేలుకి తెలియద్దూ?”

“నీకు తెలుసు కదా!”

ఇంకేమీ అనలేదు. ఎదుటివాళ్లు మాట్లాడ్డం మానేస్తే బేరం కుదిరినట్టే లెక్క మా కొట్లో.

రెండు నెలలు రోజూ మధ్యాహ్నం కూర్చుంది. తెర వంక చూడొద్దు, కాగితం వంకే చూడమని నేనే నేర్పించాను. నాకు టైపింగ్ రాదనుకోండి, అయినా నేర్పించాను. చివరికొచ్చేసరికి ఆమె వేళ్లు వానపడ్డట్టు పడేవి. ఎడమ చిటికెన వేలు చూడకుండానే వెళ్లి క్యాప్స్ లాక్ మీద వాలేది. నేను చూసి మురిసిపోయేవాణ్ణి, నా అరవై ఆరు అని.

పరీక్ష కొండపల్లి దారిలో ఒక కాలేజీలో. గేటు బయట చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. గ్లాసు చిన్నదని అతనితో వాదిస్తూ ఉండగానే ఆమె బయటికొచ్చింది. మొహం చూడగానే వాదన ఆపేశాను.

బస్సెక్కాక చెప్పింది. పది నిమిషాల పరీక్ష. మీరు చెప్పినట్టే కాగితం వంకే చూస్తూ కొట్టానంది. నాలుగో నిమిషంలో తల ఎత్తితే, తెర మీద ఒక ముక్క చిన్నక్షరాల్లో, ఆ పక్కది పెద్దక్షరాల్లో, మళ్లీ చిన్నవి. మొత్తం మీద ‘ఏ’ ఒక్కటీ లేదు. అక్కణ్నుంచి వేలుని బలవంతంగా పక్కకి జరుపుకుంటూ కొట్టింది. జరిపిన ప్రతిసారీ వేగం పోయింది.

“వాళ్లు మడత విప్పారండీ. కనపడింది,” అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

మిగిలిన దారంతా నేను టిక్కెట్టు మీద రాసింది చదువుకున్నాను.

మర్నాడు తనే బెంజ్ సర్కిల్ వెళ్లి కొత్త కీబోర్డు తెచ్చింది.

“ఎంతన్నాడు?”

“ఎంతన్నాడో అంతిచ్చాను.”

ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చుండిపోయాను. ఆమె దాన్ని తగిలించింది. చిటికెన వేలు అలవాటుగా క్యాప్స్ లాక్ మీద పడింది. ‘ఏ’ వచ్చింది.

“ఇదేంటండీ, కొత్తది కూడా మీ మాటే వింటోందీ?”

తిరకాసు కీబోర్డులో లేదు, నేను రాసి పెట్టిన ఫైల్లో ఉంది. ఆమె వెనక నిలబడి చూస్తుండగా దాన్ని తీసేశాను. రెండ్రోజులు కష్టపడి పెట్టింది తీసెయ్యడానికి నిమిషం పట్టలేదు. ఆమె వేలిలోంచి తీసెయ్యడం మాత్రం నా చేతిలో లేదు. వారం చూసింది, వేలు మాట వినలేదు. ఒకరోజు వంటింట్లోంచి చెంచా తెచ్చి క్యాప్స్ లాక్‌ని పెకలించేసింది. ఆ తర్వాత వేలు అటు వెళ్తే గోతిలో పడి వెనక్కొచ్చేది. ఊడిన కీని నా చొక్కా జేబులో వేసింది.

“కొసరు. ఉంచుకోండి.”

ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఇంకో ఆఫీసు, ఇంకో పరీక్ష, అప్పటికి మళ్లీ ఏడాది. ఈసారి నేను చెరుకురసం బండి దాకా కూడా వెళ్లలేదు, రావద్దంది. నెగ్గి వచ్చింది. మొదటి జీతం ఎంతో అడిగితే, “చెప్పినంత,” అంది.

మొన్నొక సాయంత్రం కొట్లో ఒకావిడ చీర తిరగేసి, “ఇక్కడ పోగు పోయిందేంటండీ?” అంది. నాన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, మడత మొత్తం విప్పి ఆ గీత ఎంత దూరం ఉందో చూపించాను. ఆవిడ కొనకుండా వెళ్లిపోయింది. మంచివాణ్ణైపోయానని కాదు. ఆఫీసు నుంచి వస్తూ మా ఆవిడ సరిగ్గా అప్పుడే కొట్టు మెట్లెక్కింది.